ఇంట్లో కుక్క అమ్మనే కరిచింది, నాన్న వదిలేసి రమ్మంటున్నాడు. ఏం చేయాలి?

వేదాయపాళెం_వాసు
మాది నెల్లూరు వేదాయపాళెం. ఇంట్లో మగ రాజపాళయం జాతి కుక్క ఉంది, పేరు భీముడు, మూడేళ్లు. కూనగా ఉన్నప్పుడు ఫ్రెండ్ ఒకడు తమిళనాడు వైపు నుంచి తెచ్చిచ్చాడు. మొదటి ఏడాది ఏ గొడవా లేదు. తర్వాత మెల్లగా మొదలైంది. గేటు దగ్గర ఎవరు నిలబడినా మీదికి దూకుతాడు. గ్యాస్ అబ్బాయి ఇప్పుడు రోడ్డు మీదే బండి ఆపి హారన్ కొడతాడు, సిలిండర్ మేమే వెళ్లి మోసుకోవాలి. పక్కింటాయన పోలీస్ కంప్లైంట్ ఇస్తానంటున్నాడు. ఇవన్నీ ఎలాగో నెట్టుకొస్తున్నాం. కానీ మొన్న ఆదివారం మధ్యాహ్నం వాడు వరండాలో పడుకుని ఉంటే, అమ్మ తీగ మీద బట్టలు తీస్తూ వాడి వీపు తాకింది. అంతే, ఒక్కసారి లేచి చెయ్యి పట్టేశాడు. మణికట్టు దగ్గర రెండు పళ్లు దిగాయి. వెంటనే వదిలేసి పోయి మూల కూర్చున్నాడు.
పొదలకూరు రోడ్డులో ఎక్కడో దూరంగా వదిలేసి రమ్మని నాన్న ఒకటే పోరు. సంక్రాంతికి అక్క నాలుగేళ్ల బాబుతో వస్తోంది, నా టెన్షన్ అంతా వాడి గురించే. ట్రైనింగ్ ఇప్పించాలా, మూతికి ఏదైనా కట్టాలా, నిమ్మతోట ఉన్నవాళ్లకి ఇచ్చేయాలా? తిట్టేవాళ్లు తిట్టండి, కానీ పనికొచ్చే మాట ఒకటైనా చెప్పండి.

కావలికుక్క
కుక్క సంగతి తర్వాత సామీ. అమ్మగారికి ఇంజెక్షన్ వేయించారా లేదా?

వేదాయపాళెం_వాసు
భీముడికి ఏటా రేబిస్ టీకా వేయిస్తాం, కార్డు కూడా ఉంది. అందుకని పసుపు అద్ది కట్టు కట్టాం.

బుచ్చి_అత్త
ఇంట్లో కుక్కే కదా నాయనా, పసుపు చాలు. మా చిన్నప్పుడు కారం అద్దేవాళ్లు, బతికే ఉన్నాం.

పశువైద్యం_దర్శి
అత్తా, బతికినవాళ్లే ఈ మాట చెప్పగలరు, పోయినవాళ్లు వచ్చి చెప్పలేరు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు ఉండదు.
వాసూ, పసుపు, కారం, సున్నం, ఆకుపసరు ఏదీ వద్దు. కరిచిన వెంటనే కుళాయి కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పావుగంట అంటే పావుగంటే, రెండు చెంబులు పోసి వదిలేయడం కాదు. ఆలస్యమైనా ఇప్పుడు వెళ్లండి. పన్ను దిగి రక్తం వచ్చింది కాబట్టి ఇది మూడో రకం గాయం. దీనికి టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్ (రేబిస్‌ని వెంటనే అడ్డుకునే తయారు యాంటీబాడీల మందు) కూడా వేయాలి. మొదటి డోసు టీకా వేశాక 7 రోజుల లోపే అది వేయించుకోవాలి, తర్వాత వేసినా ప్రయోజనం ఉండదు. చర్మంలోకి ఇచ్చే టీకా అయితే 0, 3, 7, 28 రోజుల్లో, కండకి ఇచ్చేదైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో. 0 అంటే మొదటి డోసు వేసిన రోజు. ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బులేం తీసుకోరు.
కుక్కకి టీకా ఉందని మనిషికి మానేయకూడదు. కరిచిన రోజు నుంచి 10 రోజులు కుక్కని ఇంట్లోనే పెట్టుకుని గమనించండి. దూరంగా వదిలేస్తే గమనించేది ఎవరు? మీ నాన్నగారికి ముందు ఇదే చెప్పండి.

రొయ్యలగుంట
మాది అల్లూరు దగ్గర. రొయ్యల గుంటల మీద నావి నాటుకుక్కలు ఉన్నాయి. పగలు గొలుసు, రాత్రి వదిలేయడం. మీదికొస్తే నాలుగు తగిలించాలి, ఎవరు యజమానో దానికి తెలియాలి. మీ టౌనోళ్లు సోఫాలో పడుకోబెట్టి తర్వాత కరిచిందని ఏడుస్తారు. అసలు కరవని కుక్కకి అన్నం దండగ.

మూలపేట_సుజాత
అన్నా, గుంట దగ్గర రాత్రిపూట ఎవడొచ్చినా దొంగే. వేదాయపాళెంలో వచ్చేది పాలబ్బాయి, పేపరబ్బాయి, చందాలవాళ్లు. రెండూ ఒకటెలా అవుతాయి?

పొదిలి_కుర్రోడు
చెన్నైలో మా బావ కుక్కకి ట్రైనర్ ఒకాయన చెప్పాడు, వెల్లకిలా పడేసి గొంతు మీద చెయ్యి పెట్టి లొంగేదాకా వదలకూడదట. తోడేళ్ల గుంపులో నాయకుడు అలాగే చేస్తాడంట. మనం ఆల్ఫా అవ్వాలి.

చీమకుర్తి_రాయి
అప్పుడు మీ బావ ముక్కుకి కట్టు ఎందుకుంది? మొన్న పెళ్లి ఫొటోలో చూశా.

పొదిలి_కుర్రోడు
అది బైకు మీద నుంచి పడ్డాడు. పడ్డానని చెప్పాడు.

పశువైద్యం_దర్శి
ఆ ఆల్ఫా కథని బాగా ప్రచారంలోకి తెచ్చిన శాస్త్రవేత్త డేవిడ్ మెక్, తర్వాత తానే దాన్ని సరిదిద్దాడు. బోనులో ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్లని కలిపి పెట్టి చూసిన చూపు అది. అడవిలో తోడేళ్ల గుంపంటే అమ్మానాన్న, పిల్లలు, అంతే. పైగా మన ఇంట్లో ఉన్నది తోడేలు కాదు.
కొట్టడం గురించి కూడా ఒక మాట. గుర్రుమనడం కుక్క ఇచ్చే నోటీసు. గుర్రుమన్నప్పుడల్లా కొడితే భయం పోదు, నోటీసు పోతుంది. అప్పుడు "ఏ సూచనా లేకుండా కరిచింది డాక్టర్" అంటూ వస్తారు. రోజంతా గొలుసుకి కట్టేసినా అంతే, పారిపోయే దారి లేని కుక్కకి మిగిలేది పళ్లే.

రొయ్యలగుంట
మేడమ్ మీరు చదువుకున్నోళ్లు, నేను కాదనను. కానీ నా కుక్కలు నా మాట వింటాయి.

కావలికుక్క
మీ మాట సరే, మీ వాచ్‌మన్ మాట వింటాయా?

రొయ్యలగుంట
వాచ్‌మన్ వాటి మాట వింటాడు.

మూలపేట_సుజాత
నా అనుభవం చెప్తా. మాది లాబ్రడార్, పిల్లలు ఎక్కి స్వారీ చేసినా ఊరుకునే రకం. ఒక వర్షాకాలంలో మా అబ్బాయి తల నిమరబోతే ఖయ్యిమంది, ఇంకాస్తయితే ముఖమే. అందరూ పిచ్చెక్కిందన్నారు. డాక్టర్ చూస్తే చెవి లోపలంతా ఇన్ఫెక్షన్, వేలాడే చెవులు, మన ఉక్కపోత, చెమ్మ ఆరదు. మందు వేశాక మళ్లీ పాత లాబ్రడారే. ట్రైనర్‌కి డబ్బులు పోసే ముందు ఒంట్లో నొప్పి ఏమైనా ఉందేమో చూపించండి వాసు గారూ. పన్ను, కీళ్లు, చెవి, పిడుదుల జ్వరం, ఏదైనా కావచ్చు.

ఒంగోలు_లాయర్‌పేట
పక్కింటాయన కంప్లైంట్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెప్తా. పెంపుడు జంతువు వల్ల మనుషులకి ప్రమాదం కలగకుండా జాగ్రత్త పడకపోతే భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ ఉంది, పాత ఐపీసీలో 289. 6 నెలల దాకా జైలు, లేదా 5000 దాకా జరిమానా, లేదా రెండూ. కరిచాకే కేసు అనుకోవద్దు, నిర్లక్ష్యం చాలు. "కుక్క ఉంది జాగ్రత్త" బోర్డు తగిలించి ఊరుకుంటే కాదు, గేటుకి గడియ సరిగ్గా పడాలి.
ఇక వదిలేయడం. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం పెంపుడు జంతువుని అలా వదిలేయడం నేరమే.

చీమకుర్తి_రాయి
దానికి జరిమానా ఎంత సార్?

ఒంగోలు_లాయర్‌పేట
మొదటిసారికి 10 నుంచి 50 రూపాయలు. నవ్వొద్దు, చట్టంలో ఉన్నదే చెప్పా.

చీమకుర్తి_రాయి
పొదలకూరు రోడ్డు దాకా పెట్రోలుకే అంతకంటే ఎక్కువవుతుంది.

పొదిలి_కుర్రోడు
రాజపాళయం బ్యాన్ చేసిన జాతుల్లో ఉందని విన్నా, నిజమేనా?

ఒంగోలు_లాయర్‌పేట
లేదు. 2024 మార్చిలో కేంద్రం ప్రమాదకరమంటూ రాష్ట్రాలకి రాసిన లేఖలో ఉన్నది పిట్‌బుల్, రాట్‌వైలర్ లాంటివి, రాజపాళయం లేదు. ఆ లేఖని కూడా ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. రాజపాళయం మన దక్షిణాది వేటజాతి, 2005లో తపాలా శాఖ స్టాంపు కూడా వేసింది.

కావలికుక్క
స్టాంపు మీదికెక్కిన జాతి పోస్ట్‌మన్‌ని కరిస్తే ఏ సెక్షన్ సార్?

పశువైద్యం_దర్శి
రాజపాళయం అనగానే అడగాల్సింది ఒకటి మర్చిపోయా. వాసూ, భీముడు పూర్తిగా తెలుపేనా? ముక్కు గులాబీ రంగా?

వేదాయపాళెం_వాసు
అవును మేడమ్, ఎక్కడా మచ్చ లేదు. ముక్కు గులాబీ రంగే. ఆసుపత్రికి వెళ్లొచ్చాం, అమ్మకి టీకా, గాయం చుట్టూ ఇంజెక్షన్ రెండూ వేశారు. మీరందరూ అంతగా చెప్పకపోతే వెళ్లేవాళ్లం కాదు, థాంక్స్. రంగు ఎందుకు అడిగారు?

పశువైద్యం_దర్శి
ఈ జాతిలో తెల్ల కుక్కలకి పుట్టుచెవుడు ఎక్కువ. ఒళ్లంతా తెల్లగా ఉంచే జన్యువుల వల్ల లోపలి చెవిలో ఉండాల్సిన రంగు కణాలు లేకపోతే, పుట్టిన కొన్ని వారాల్లోనే వినికిడి పోతుంది. ఒక చెవే పోతే యజమానికి ఏళ్ల తరబడి తెలియదు. రెండూ పోయినా తెలివైన కుక్క కళ్లతో, నేల అదురుతో, పక్క కుక్కని చూసి నెట్టుకొచ్చేస్తుంది, మనమేమో మొండిది అనుకుంటాం.
ఇంట్లోనే పరీక్షించొచ్చు. వాడు మెలకువగా అటు తిరిగి ఉన్నప్పుడు, దూరంగా, కనపడకుండా, నీడ పడకుండా నిలబడి ఈల వేయండి, తాళాల గుత్తి ఆడించండి. గిన్నె నేల మీద పడేయొద్దు, అదురు పాదాలకి తెలిసిపోతుంది. చప్పట్లు దగ్గర్లో కొట్టొద్దు, గాలి తగులుతుంది. చెవి కదులుతుందా, తల తిప్పుతాడా, ఎటు తిప్పుతాడు అని చూడండి. నిద్రలో ఉన్నప్పుడు మాత్రం చేయొద్దు.

బుచ్చి_అత్త
చెవుడైతే ఏంది, గుడ్డిదైతే ఏంది, నాలుగేళ్ల పసివాడు వస్తున్నాడు. ముందు పిల్లాడు, తర్వాత కుక్క. నాకు కుక్కలంటే ద్వేషం లేదు, మా ఇంట్లోనూ ఉండేది. కానీ పిల్లాడి ముఖం మీద గాటు పడితే ఈ డాక్టరమ్మ తీస్తుందా?

పశువైద్యం_దర్శి
తీయలేను అత్తా. ఆ విషయంలో మీతోనే ఉన్నా.

వేదాయపాళెం_వాసు
చేశా మేడమ్. అమ్మ ముందు నిలబడి బిస్కెట్ చూపిస్తూ ఉంది, నేను వెనక గది కిటికీ దగ్గర్నుంచి ఈల వేశా, తాళాలు ఆడించా, ఫోన్‌లో కుక్క అరుపులు పెద్ద సౌండ్‌తో పెట్టా. చెవి కూడా కదల్లేదు. అమ్మ కాలితో నేల మీద ఒక్కటి తట్టగానే కిందికి చూశాడు. వీధిలో కుక్కలన్నీ మొరుగుతున్నా వాడు హాయిగా నిద్రపోతుంటే మా వాడికి ధైర్యం ఎక్కువ అనుకునేవాళ్లం. దీపావళికి సీమటపాకాయలు పేల్చినా కదిలేవాడు కాదు, చుట్టాలందరికీ అదే గొప్పగా చెప్పుకునేవాళ్లం.

చీమకుర్తి_రాయి
నాన్నగారు ఏమన్నారు?

వేదాయపాళెం_వాసు
"ఇన్నాళ్లూ నేను అరిచిందంతా వృథానా" అన్నాడు.

కావలికుక్క
😂😂 మా ఇంట్లో అందరికీ చెవులు బానే ఉన్నా మా నాన్నదీ అదే బాధ.

పశువైద్యం_దర్శి
అయితే నిద్రలో కరవడానికి కారణం చాలావరకు దొరికినట్టే. అడుగుల చప్పుడు వినపడదు, ఉన్నట్టుండి వీపు మీద చెయ్యి. నిద్రమత్తులో ఎవరో తెలిసేలోపే నోరు పడిపోతుంది. నమ్మకంగా తేల్చుకోవాలంటే బేర్ అనే పరీక్ష ఉంది, శబ్దానికి మెదడు స్పందిస్తోందో లేదో వైర్లు పెట్టి చూస్తారు. అన్నిచోట్లా ఉండదు. తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి, చెవుల్లో ఇన్ఫెక్షన్ లేదని కూడా అక్కడే చూపించుకోవచ్చు.
ఇంట్లో ఈ రోజు నుంచే: నిద్రపోతున్నవాణ్ని ఎవరూ తాకకూడదు. లేపాలంటే కాస్త దూరం నుంచి నేల మీద కాలితో తట్టాలి, లేదా లైటు వేసి ఆర్పాలి, లేచి చూశాక దగ్గరికి పోయి తినడానికి ఏదో ఒకటి పెట్టాలి. అందరూ నడిచే వరండాలో కాకుండా గోడవారగా, వెనక నుంచి ఎవరూ రాలేని చోట పడక వేయండి. "రా", "వద్దు", "కూర్చో" అన్నిటికీ చేతి సైగలు నేర్పండి, చెవుడు ఉన్న కుక్కలు సైగలు చకచకా పట్టేస్తాయి. బయటికి గొలుసు లేకుండా ఎప్పుడూ తీసుకెళ్లొద్దు, వెనక హారన్ కొట్టే లారీ వాడికి వినపడదు.
గేటు సంగతి మాత్రం చెవుడు ఒక్కదాంతో తేలదు. మనుషులు చెప్పకుండా ఊడిపడ్డట్టు కనపడతారు కాబట్టి కంగారు ఉంటుంది, నిజమే. కానీ రెండేళ్లుగా మొరిగితే వచ్చినవాడు వెళ్లిపోతున్నాడు కదా. పాలబ్బాయి పాలు పోసి వెళ్లిపోతాడు, భీముడి లెక్కలో తానే తరిమేశాడు. గేటు బయట ఉన్నవాళ్లు వాడికి కనపడకుండా కింది భాగానికి రేకు కొట్టించండి. గేటుకీ ఇంటికీ మధ్య ఇంకో గ్రిల్ తలుపు ఉండాలి, ఒకటి తెరిస్తే రెండోది మూసి ఉండేలా.

రొయ్యలగుంట
ఇంత తతంగం ఎందుకు, నాకిచ్చేయండి. నేను చూసుకుంటా. ఫీడు బస్తాలు పోతున్నాయి ఈ మధ్య.

మూలపేట_సుజాత
అన్నా, చెవుడు ఉన్న కుక్కని కాపలాకా? దొంగ వచ్చి లేపి చెప్పాలి దానికి.

రొయ్యలగుంట
గుంట నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆడుతుంటే చెవులున్న కుక్కకీ ఏం వినపడదు లేమ్మా.

పశువైద్యం_దర్శి
నవ్వులాట బానే ఉంది కానీ ఇవ్వొద్దు. కొత్త చోటు, చీకటి, ఎవరో తెలియని వాచ్‌మన్. మొదటి రాత్రే ఎవర్నో పట్టేస్తాడు. నిమ్మతోటకీ అదే జవాబు. కరిచే కుక్కని, కరుస్తుందని చెప్పి ఇచ్చినా కూడా, సమస్య తోట కూలీల మీదికి పోతుంది.

పొదిలి_కుర్రోడు
పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే నెమ్మదిస్తాడంటారు కదా?

పశువైద్యం_దర్శి
ఊళ్లు తిరగడం, మగకుక్కలతో కొట్లాటలు తగ్గొచ్చు. భయంతోనో ఉలికిపాటుతోనో కరిచేదాన్ని అది ఆపదు. దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఒంగోలు_లాయర్‌పేట
అడగడానికి మనసు రావట్లేదు కానీ, ఇలాంటి కుక్కలకి శాశ్వతంగా నిద్రపుచ్చే ఇంజెక్షన్ ఇస్తారా?

పశువైద్యం_దర్శి
ఇచ్చే సందర్భాలు ఉంటాయి, లేవని అబద్ధం చెప్పను. కాటు తీవ్రతకి ఇయాన్ డన్‌బార్ అనే పశువైద్యుడి కొలత ఒకటి వాడతాం, 6 మెట్లు. మొదటిది పన్ను తగలకుండా మీదికి రావడం, రెండోది తగిలినా గుచ్చుకోకపోవడం, మూడోది ఒకే కాటులో లోతు లేని నాలుగు గాట్ల లోపు. నాలుగు నుంచి లోతు గాయాలు, పట్టుకుని విదిలించడం. అయిదు అంటే వదలకుండా చాలా కాట్లు. ఆరు చెప్పక్కర్లేదు. భీముడిది మూడు. పట్టి వెంటనే వదిలాడు, కారణం కనపడుతోంది. ఇక్కడ ఆ మాట రాదు. నాలుగు దాటి, కారణం దొరక్క, మళ్లీ మళ్లీ అయితే అప్పుడు డాక్టర్, కుటుంబం కూర్చుని మాట్లాడుకోవాలి.

కర్నూల్‌రోడ్_కిరణ్
ఆలస్యంగా చూశా, మూతికి కట్టేదాని గురించి ఎవరూ చెప్పలేదు. బజార్లో దొరికే గుడ్డ పట్టీ రకం కొనొద్దు, నోరు బిగించేస్తుంది. కుక్కకి మనలా చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పితేనే ఒంట్లో వేడి పోతుంది. మన మే నెలలో నోరు కట్టేస్తే చచ్చిపోతుంది. బుట్ట రకం తీసుకోండి, లోపల నోరు తెరవాలి, నీళ్లు తాగాలి. రాజపాళయానికి మూతి పొడుగు కాబట్టి కొలిచి తెప్పించండి. తెచ్చిన రోజే బలవంతంగా తొడగొద్దు. అడుగున ఉడికించిన చికెన్ ముక్క వేసి వాడే మూతి పెట్టేలా చేయండి, మూడు వారాలైనా పర్లేదు. మా వాడు ఇప్పుడు బుట్ట చూస్తే తోక ఊపుతాడు, బయటికి తీసుకెళ్తారని.

కావలికుక్క
చికెన్ ఎందుకు, నెల్లూరులో ఉండి చేపల పులుసు పెట్టకుండా?

కర్నూల్‌రోడ్_కిరణ్
ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కకి విషం. ముల్లు ఇంకో బాధ. పులుసు నువ్వు తిను.

బుచ్చి_అత్త
సంక్రాంతి సంగతి తేల్చండి ముందు.

పశువైద్యం_దర్శి
అత్త అడిగింది సరైనది. వాసూ, బాబు ఉన్నన్నాళ్లూ భీముడు వాడికి కనపడాల్సిన పనే లేదు. బుట్ట ఉన్నా సరే, అది తోడు మాత్రమే, పెద్దవాళ్ల కన్నుకి బదులు కాదు. భీముడు వెనక గదిలో, గడియ పిల్లాడికి అందనంత ఎత్తులో, దాని బయట ఇంకో అడ్డు. తలుపు తీసే బాధ్యత ఇంట్లో ఒక్కరిదే, ఆ పేరు ముందే అనుకోండి. ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకున్న ఇళ్లలోనే ఎక్కువ జరుగుతాయి. పండక్కి వచ్చేపోయే జనం, తలుపులు తెరిచే ఉంటాయి, అది మీరు ఆపలేననుకుంటే ఆ కొన్ని రోజులు తెలిసిన చోట కుక్కల బోర్డింగ్‌లో పెట్టండి, చెవుడు, కాటు రెండూ దాచకుండా చెప్పి. అదీ కుదరకపోతే మీ అక్కని పండగ తర్వాత రమ్మనండి.

వేదాయపాళెం_వాసు
అక్కతో మాట్లాడా. భోగి, సంక్రాంతి వాళ్ల అత్తగారింట్లోనే చేసుకుని, కనుమ తర్వాత చుట్టాలు తగ్గాక వస్తానంది. తలుపు బాధ్యత నాది. గ్రిల్‌కి వెల్డింగ్ ఆయన కొలతలు తీసుకెళ్లాడు. నాన్న ఇంకా సణుగుతూనే ఉన్నాడు కానీ పొద్దున వరండాలోకి వచ్చేముందు కాలు తట్టి వస్తున్నాడు, నేను చూడట్లేదనుకుని. పక్కింటాయనకి రేకు, గ్రిల్ సంగతి చెప్పా, పని పూర్తయ్యేదాకా ఆగుతానన్నాడు. గ్యాస్ అబ్బాయి మాత్రం నమ్మడం లేదు, హారనే.

చీమకుర్తి_రాయి
వాడి హారన్ భీముడికి వినపడదని చెప్పండి.

రొయ్యలగుంట
మేడమ్, ఒక సందేహం. నా గుంట కుక్కలకి టీకాలు లేవు. వాచ్‌మన్ పిల్లలు కూడా అక్కడే ఉంటారు. పట్టుకుని ఆసుపత్రికి తేవాలంటే అవి మాకే దొరకవు. ఎలా?

పశువైద్యం_దర్శి
జులై 6 (ప్రపంచ జూనోసిస్ దినం), సెప్టెంబర్ 28 (ప్రపంచ రేబిస్ దినం) దగ్గర్లో పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తుంటారు, కానీ అప్పటిదాకా ఆగొద్దు, పిల్లలున్నారు. మీ మండలం పశువైద్యుడిని కలిసి గుంట దగ్గరికే రమ్మని అడగండి. అన్నం పెట్టే వేళ రమ్మనండి, వాచ్‌మన్ చేత ముందే మెడపట్టీలు వేయించి ఉంచండి. ఎన్ని కుక్కలు?

రొయ్యలగుంట
లెక్క పెట్టి చెప్తా. రెండు కొత్తగా వచ్చి చేరినట్టున్నాయి.